రెండోసారి తెరిస్తే

"మనిషిని చంపడానికి ఇప్పుడు తుపాకీ అక్కర్లేదు తేలూ. ఒక అప్‌డేట్ చాలు," అన్నాడు చీఫ్.

తేలు అనేది ఏజెంటుకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఇంటిపేరూ సొంతపేరూ పలికే అన్నయ్య పోయాక అతనికి మిగిలింది అదొక్కటే.

స్క్రీన్ మీద ఒక ముసలి సైంటిస్టు ఫోటో వెలిగింది. విదేశీ ముఠా నుంచి తప్పించుకొచ్చి, ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. రేపు అతను నోరు విప్పితే ముఠా అంతా బోనెక్కుతుంది.

"గది చుట్టూ గార్డులున్నారు. కానీ ఆక్సిజన్ ప్రెషర్‌ని కాపలా కాసేది ఒక సాఫ్ట్‌వేర్. ప్రెషర్ పడిపోతే అలారం కొడుతుంది. ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి దానికి అప్‌డేట్ వెళ్తోంది. అందులో ముఠా విషం కలిపింది. వాళ్ల మనిషి వాల్వు కట్టేస్తాడు, అలారం మోగదు."

"సమాచారం ఎవరిది?"

"నెమలిది. సరికొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీదే ఆ విషం పనిచేస్తుందట. ఆ వెర్షన్ మీద కన్నేసి ఉంచు."

నెమలి ముఠాలో తిరిగే డిపార్ట్‌మెంట్ గూఢచారి. ఆమె మాటంటే చీఫ్‌కి గురి.

"సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీది సార్?"

"కంపెనీ కాదు, ఒక్క మనిషి. మీ వదిన."

తేలు స్క్రీన్ మీంచి చూపు చీఫ్ వైపు తిప్పాడు.

"ఆపెయ్యమని చెప్పలేకపోయారా?"

"చెప్పాను. ఇప్పుడు నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందట, ఆపితే వేరే రోగుల ప్రాణం మీదికొస్తుందట. రుజువు చూపించమని ఫోన్ పెట్టేసింది. వెళ్లు."

ఇంటర్నెట్ రిపేరువాడి చొక్కా, భుజాన వైరు చుట్ట, పెట్టుడు మీసం. తలుపు తీసిన వదిన అతన్ని కింది నుంచి పైకి చూసింది.

"లైన్ చెక్ చెయ్యాలమ్మా."

"మీసం ఊడుతోంది. లోపలికి తగలడు."

తేలు మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు.

"మీ అన్న పోయాడని చెప్పడానికొచ్చినప్పుడూ ఇలాగే మీసంతో వచ్చావు. ఆ రోజు ఏడవాలో నవ్వాలో తెలీలేదు నాకు. నీ మిషన్‌లోనేగా పోయాడు?"

తేలు తల వంచుకుని లోపలికి నడిచాడు.

రెండు గదుల ఇల్లు. ఒక గది నిండా యంత్రాలే. అరలో రంగు వెలిసిన పాత లాప్‌టాప్‌లు, బల్లమీద పెద్ద స్క్రీన్, దాని పక్కన మీట ఉన్న చిన్న ప్రెషర్ మీటర్. మీట తిప్పితే ప్రెషర్ తగ్గుతుంది, స్క్రీన్ మీద ముల్లు పడిపోతుంది, అలారం మోగుతుంది. ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ వెర్షన్ మీదా ఇదే పరీక్ష. పెద్ద కంపెనీలో దీనికి ఒక అంతస్తు జనం ఉంటారు. ఇక్కడ వదిన ఉంది.

పక్క కుర్చీలో సెంటు ఘుమఘుమలతో నెమలి. వదినకి పనిలో సాయం చేసే టెస్టింగ్ సర్వీసులో ఉద్యోగినిగా చేరి ఇక్కడికొచ్చింది. తేలుని చూసి రెప్ప కూడా వాల్చలేదు.

"పాత వెర్షన్లన్నిటికీ కోడ్ రాయడం నా ఒక్కదాని వల్ల అవుతుందా? ఆ ముక్క వీళ్ల సర్వీసు వాళ్లే రాసిచ్చారు," అంది వదిన. "ఆస్పత్రిలో ఆ ముసలాయన గదిలోది బాగా పాత వెర్షన్. ఇదిగో, చూసి తగలడు."

మీట తిప్పింది. ముల్లు పడింది. అలారం మోగింది.

"చాలా? ఇక మెషీన్ని వెనక్కి తిప్పుతాను."

"వెనక్కి అంటే?"

"ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యకముందు ఎలా ఉందో అలాగ. ప్రతి టెస్టూ శుభ్రమైన మెషీన్ మీదే చెయ్యాలి. అది పద్ధతి. నీకు చెప్పినా ఎక్కదు."

"సరికొత్త వెర్షన్ చూపించండి వదినా," అంటూ తేలు మౌస్ మీద చెయ్యేశాడు.

"ముట్టుకోకు!" వదిన మౌస్ లాక్కుంది. ఆ లాగుడులో ప్రోగ్రాం మూసుకుపోయింది. విసుక్కుంటూ మళ్లీ తెరిచింది.

"ముందు మెషీన్ వెనక్కి తిప్పండి మేడం," అంది నెమలి. ఆమె చెయ్యి అప్పుడే కీబోర్డు మీద ఉంది. ముఠా నాయకుడి పక్కన కూర్చుని కూడా తొణకని మనిషి, ఇప్పుడు తొందరపడుతోంది.

తేలు ఆ చేతిని పట్టుకున్నాడు. "తిప్పద్దు వదినా. ఇలాగే పరీక్ష చెయ్యండి."

"నువ్వు చెప్తే నేను వినాలా?" అంటూనే ఆమె మీట తిప్పింది.

ముల్లు కదల్లేదు. అలారం మోగలేదు.

వదిన ముఖం పాలిపోయింది. "మొదటిసారి మంచిగా ఉండి, రెండోసారి తెరిచినప్పుడు విషం కక్కుతోంది. నేను ప్రతిసారీ తుడిచేసి మొదటిసారిదే చూస్తున్నాను. ఆస్పత్రిలో ఎవరు తుడుస్తారు? డ్యూటీ మారగానే మూసి మళ్లీ తెరుస్తారు."

"మీ పద్ధతి మాకు బాగా తెలుసు మేడం," అంది నెమలి. చెయ్యి విదిలించుకుని హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్తోలు తీసింది. "ఇద్దరూ కీబోర్డుకి దూరంగా జరగండి. పన్నెండు కొట్టగానే అప్‌డేట్ దానంతటదే వెళ్లిపోతుంది."

నెమలి ముఠాకి అమ్ముడుపోయిందని, చీఫ్ నమ్మకం పోకుండా సగం నిజం చెప్పి, పాత వెర్షన్ మీద కన్ను పడకుండా కొత్తదని తప్పుదోవ పట్టించిందని తేలుకి అర్థమైంది. జేబులోని పెన్ను గురిపెట్టి నొక్కాడు. మత్తుసూది దూసుకెళ్లాలి. పెన్ను మీద చిన్న నీలం లైటు వెలిగింది. "అప్‌డేట్ జరుగుతోంది, దయచేసి వేచి ఉండండి," అంది పెన్ను.

నెమలి పకాలున నవ్వింది. ఆ నవ్వు పూర్తికాకముందే వదిన అరలోంచి ఒక లాప్‌టాప్ లాగి ఆమె మణికట్టు మీద బలంగా కొట్టింది. పిస్తోలు బల్ల కింద పడింది. తేలు నెమలిని గోడకి అదిమిపెట్టాడు.

గోడ గడియారం ముల్లు పన్నెండు మీదికి వాలుతుండగా వదిన వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. "రద్దు చెయ్యబడింది" అని స్క్రీన్ మీద పడేసరికి ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. ముసలాయన కోసమో, అన్నయ్య కోసమో తేలు అడగలేదు.

ఆస్పత్రిలో వాల్వు దగ్గర దొరికిన మనిషికి బేడీలు పడ్డాయి. సాయంత్రానికి వదిన ఆ అరువు ముక్క పీకేసి, ఒక్కో వెర్షన్ మీదా రెండేసిసార్లు తెరిచి చూసి, రోగులకోసం మంచి అప్‌డేట్ పంపింది. అప్పుడే చీఫ్ ఫోన్ చేశాడు.

"మీ వదినకి మన డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగం ఇస్తాం. అడుగు తేలూ."

తేలు అడిగాడు. వదిన కళ్లు తుడుచుకుంది.

"మీ ఆఫీసు కంప్యూటర్లలో ఏ వెర్షన్ ఉందో కనుక్కో."

అంటూనే తనే ఫోన్ అందుకుంది. చీఫ్ గొంతు తగ్గించి చెప్పాడు. విని ఆమె ఫోన్ తేలు చేతిలో పెట్టింది.

"అంత పాతదానికి నేను సపోర్ట్ ఇవ్వనని చెప్పు. నువ్వు వెళ్లేటప్పుడు తలుపేసి వెళ్లు."