తొమ్మిదో వెర్షన్‌కు సరే అన్నదెవరు?

"నా పాత కిట్‌ను ఎవరు తీసేసిండ్రు?"

ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చిన కోమల్‌కు ఎదురైన మొదటి పలకరింపు అది. మానిటర్‌కు పెట్టిన దసరా బొట్టు ఇంకా చెరగలేదు. దాని ముందు సాయిరాం యుద్ధానికి వచ్చినవాడిలా నిలబడి ఉన్నాడు. తెర నిండా ఎర్రర్లే.

"నేనే తీసిన. తొమ్మిదో వెర్షన్ ఎక్కించిన. దసరా నాడు కొత్తది మొదలుపెడితే మంచిదని సీడీకి పసుపు కుంకుమ పెట్టి మరీ ఎక్కించిన."

"సీడీకి బొట్టు పెట్టినవు, నా ప్రాజెక్టుకు పిండం పెట్టినవు!"

నాందేడ్‌లో ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం వాళ్లది. తెర మీద త్రీడీ బొమ్మలు కదిలించే గ్రాఫిక్స్ కిట్ ఎనిమిదో వెర్షన్‌ను సాయిరాం పాత పుస్తకం చూసి ఒంటరిగా నేర్చుకున్నాడు. దాంతో మహారాష్ట్ర సర్కారు నడిపే ఒక ఎర్ర ఎస్టీ బస్సును తయారుచేశాడు. అది కిన్వట్ నుంచి టేకు చెట్ల మధ్యగా వస్తుంది. వాళ్ల బాపు హన్మాండ్లు నడిపే బస్సు అది. దాని మీద వాన కురిపించే పని కోమల్‌ది. ఆ ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటివాడు సాయిరాం. రేపు పొద్దున పరీక్షకుడు వస్తాడు. బాపు కూడా డ్యూటీ మార్చుకుని వస్తున్నాడు.

కొండ దిగే ఘాటు మలుపులో మాత్రం బస్సు రోడ్డు వదిలి చెట్లలోకి పోతోంది. అది సరిచేయాలంటే ప్రోగ్రాం మళ్లీ కంపైల్ చేయాలి. కొత్త కిట్ పాత కోడ్‌ను గుర్తుపట్టడమే లేదు.

"పాతదే మళ్ల పెట్టుకో."

"దాని సీడీ ఏది? ఇచ్చిన సీనియర్ మళ్ల తీసుకొని పుణె పోయిండు! నన్ను ఒక్క మాట అడగాలె గదా, కోమల్? ప్రాజెక్టు ఇద్దరిది గదా?"

కోమల్ ఊళ్లోనే వజీరాబాద్ బజారులో బట్టల దుకాణం వాళ్ల అమ్మాయి. ఎంత గట్టి బేరానికైనా గొంతు పెంచకుండా బదులిచ్చే అలవాటు ఇంటి నుంచే వచ్చింది.

"అడిగిన."

"ఎప్పుడు?"

"దసరా నాడు, గీడనే. నీ చేతిల జమ్మి లెక్క ఆప్టా ఆకు పెట్టి బంగారం తీసుకో అన్న. నా వాన పాత కిట్ల నూలుపోగుల లెక్క పడుతుంది, కొత్తది పెట్టాల్నా అని అడిగిన. సరే అన్నవు. పాతది తీసేస్త మరి అన్న. దానికీ సరే అన్నవు."

ఆ రోజు సాయిరాంకు బాగా గుర్తుంది. ఆకుపచ్చ చీర, అరచేతిలో ఆకు, ఆ ఆకు మీదుగా తగిలిన వేలు. మాటలు మాత్రం ఒక్కటీ గుర్తులేవు.

తప్పు తనదని తేలినా కోపం ఎక్కడికీ పోలేదు. అది కిట్ తయారుచేసిన వాళ్ల మీదికి తిరిగింది.

"అసలు వాళ్లకు బుద్ధి ఉన్నదా? మేము ఒకటి నేర్చుకునేలోపల ఇంకోటి తెస్తరు! బాపు బస్సుకు ఎన్ని ఇంజన్లు మారినా బ్రేక్ ఉన్నకాడనే ఉన్నది. రాత్రికి రాత్రి దాన్ని నెత్తి మీద పెడితే బస్సు ఎట్ల నడుపుతడు?"

"అరే, నీ పాత బస్సు నడుస్తనే ఉంది, చూడు." కోమల్ మౌస్ నొక్కింది. అంతకుముందు కంపైల్ చేసి పెట్టిన బస్సు కొత్త వెర్షన్ మీద కూడా నిక్షేపంగా బయలుదేరి, మలుపులో చెట్లలోకి పోయింది. "పాతగ కట్టినదాన్ని ఇది ఏమనదు. కొత్తగ కట్టాలంటేనే దీని పద్ధతి వేరు. ఫంక్షన్‌కు ఇంకో విలువ ఎక్కువ ఇయ్యాలె, గంతే. చాలా చోట్ల సున్నా పెడితే ఊకుంటది."

"సున్నా కోసం ఇంత లొల్లా?"

"చాల్ రే, కూసో. నేను చదువుత, నువ్వు దిద్దు."

దిద్దిన ప్రతి లైనుకూ సాయిరాం ఒక తిట్టు తిట్టాడు. కోమల్ ఒక్కటీ వదలకుండా నవ్వింది. బయట వాన మొదలైంది. సాయంత్రానికి తెర మీది బస్సు అద్దాల మీద కూడా చినుకులు జారాయి. బస్సు మలుపు తిరిగి, రోడ్డు వదలకుండా ముందుకు సాగింది.

"ఇగ చెప్పు," అంది కోమల్, తెర మీంచి చూపు తిప్పకుండా. "దసరా నాడు నా మాట ఎందుకు వినలే?"

"విన్న."

"అబద్ధం."

"ఎట్ల వినాలె? నువ్వు గట్ల ఎదురుగ నిలబడితే ఎవనికైనా ఇనపడుతదా? ముఖం చూసుకుంట ఉన్న! చూడకుండ ఉండాల్సిందా?" అని అరిచాక గానీ తానేమన్నాడో సాయిరాంకు తెలియలేదు.

ఎర్రర్ ఒక్కటీ లేని తెర మీద కోమల్ బస్సును మళ్లీ మొదటి నుంచి నడిపించింది.

మర్నాడు పరీక్షకుడు తలాడించి వెళ్లిపోయాక, ఖాకీ బట్టల్లో ఉన్న హన్మాండ్లు గుమ్మం దగ్గర బూట్లు విడిచి లోపలికి వచ్చాడు. బస్సు ఘాటు దిగేదాకా చేతులు కట్టుకుని చూశాడు.

"మంచిగ నడిపిండ్రు. ఈ వాన ఎవరు కురిపించిండ్రు?"

"నేనే, మామా."

మామా అన్న మాటకు హన్మాండ్లు కొడుకు వైపు చూశాడు. కొడుకు మానిటర్ బొట్టు వైపు చూశాడు.

ఆయన చాయ్ తాగడానికి బయటికి నడవగానే కోమల్ సాయిరాం దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడొకటి అడుగుత. దీపావళికి మీ బాపును మా ఇంటికి తీసుకొస్తవా? మా నాన్నతోని మాట్లాడనీకి."

"సరే."

"ఏమడిగిన?"

"దీపావళికి, మా బాపును, మీ ఇంటికి, మీ నాన్నతోని మాట్లాడనీకి!" సాయిరాం మండిపడ్డాడు. "విన్న! ఇది గుడ వినలేదనుకున్నవా?"