ఖాళీ ఆసనం

మ్యూజియంలో మూడో గదికి వచ్చేసరికి పిడుగుకి కాళ్ళు పీకడం మొదలైంది. ఆ అమ్మాయి అల్లరి చూసి క్లాసంతా కలిసి పెట్టిన పేరది.

గోడల పొడవునా రాళ్ళే. పాతకాలపు బౌద్ధ స్తూపం చుట్టూ ఉండే చెక్కడపు రాళ్ళట. ఒక్కొక్కరూ ఒక్కో రాయి చూసి బొమ్మ గీయాలన్నారు డ్రాయింగ్ టీచర్.

పిడుగు ముందున్న రాతిమీద ఒక ఆసనం ఉంది. దాని కింద రెండు పాదాల గుర్తులు. చుట్టూ బోలెడుమంది దణ్ణం పెడుతున్నారు. ఆసనం మీద మాత్రం ఎవరూ లేరు.

"చూశావా? అసలు మనిషినే చెక్కడం మర్చిపోయారు!" అంది పక్కనున్న స్నేహితురాలితో. ఏ పనైనా మెల్లగా చేస్తుందని ఆ పిల్లని అందరూ నిదానం అంటారు.

"కావాలనే వదిలేశారేమోనే," అంది నిదానం.

"నీ పెన్సిల్ ఇలా ఇవ్వు. నాది మొన విరిగింది."

టీచర్ అటు తిరగగానే పిడుగు రాతిమీదే, ఆ ఖాళీలో గుండ్రటి ముఖం గీసేసింది. మీసాలు కూడా పెట్టింది. కిసుక్కున నవ్వి, పెన్సిల్ నిదానం చేతిలో పెట్టేసింది.

"అయ్యో! ఎవరిదీ పని?"

వెనక తెల్లకోటు వేసుకున్న ఆవిడ. చేతిలో మెత్తటి బ్రష్. ఈ రాళ్ళని శుభ్రం చేసేది ఆవిడే. టీచర్ పరుగున వచ్చి రాయి చూశారు. తర్వాత నిదానం చేతిలో పెన్సిల్ చూశారు.

"నువ్వా! నువ్విలా చేస్తావనుకోలేదు. వెళ్ళి బయట బెంచీ మీద కూర్చో."

నిదానం పిడుగు వైపు చూసింది. పిడుగు నేల వైపు చూసింది. నిదానం బయటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడే చెప్పేద్దాం అనుకుంది పిడుగు. ఒక్క నిమిషం ఆగి చెబుదాం అనుకుంది. ఆ నిమిషం అయిపోయింది.

తెల్లకోటు ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, ఆ గీతల మీద రబ్బరు ముక్కతో మెల్లగా అద్దసాగింది. "గట్టిగా రుద్దితే రాయి పొడిపొడిగా రాలుతుంది. ఈ ఒక్కదాన్ని శుభ్రం చేయడానికే నాలుగు నెలలు పట్టింది నాకు," అంది.

"ఆంటీ, ఆ సీటెందుకు ఖాళీగా ఉంది?" అడిగాడు ఒక పిల్లాడు.

"ఖాళీ కాదు నాన్నా. అక్కడ బుద్ధుడున్నాడు. ఇది చెక్కినవాళ్ళు ఆయన రూపం చెక్కలేదు. ఆసనం, పాదాలు చూపించి, ఇక్కడే ఉన్నాడని చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఎటు చూస్తున్నారో చూడు."

పిడుగు కూడా చూసింది. ముసలాయన, ఆయన పక్కన తల్లి, ఆమె చంకలో పిల్ల. అందరి చూపూ ఒక్కచోటికే. అక్కడ తను గీసిన మీసాలు ఇంకా సగం ఉన్నాయి.

చెవులు వేడెక్కిపోయాయి. గబగబా బయటికి పరుగెత్తింది.

బెంచీ మీద నిదానం ముక్కు తుడుచుకుంటోంది.

"లోపలికి రా. నువ్వుండగానే చెబుతాను," అంది పిడుగు.

"ఇంతసేపు పట్టిందా నీకు?"

పిడుగు చెయ్యి చాపింది. నిదానం పట్టుకోలేదు. కానీ లేచి వెనకాలే నడిచింది.

గది మధ్యలో నిలబడి పిడుగు అందరికీ వినపడేలా అంది: "టీచర్, ఆ బొమ్మ గీసింది నేను. పెన్సిల్ ఒక్కటే దీనిది. దీన్ని తిడుతుంటే నేను నోరు మూసుకున్నాను."

అందరూ పిడుగు వైపే చూశారు. తల దించేసుకోవాలనిపించింది పిడుగుకి.

దించుకోలేదు.