కాటా ఒప్పుకోని సంచి

పిచ్చుక గదిలో నేల కనబడడం లేదు. మంచుకొండల బాట మీద నెల్లాళ్ళు ఒంటరిగా నడవడానికి కావలసిన సామానంతా కింద పరిచి ఉంది. మడిస్తే నీళ్ళ సీసా అంతయ్యే గుడారం, పిల్లికూనలా మెత్తగా ముడుచుకునే ఈకల పడకసంచి, అరచేతిలో ఇమిడే పొయ్యి, ఒకే ఒక్క గిన్నె. బరువు తగ్గాలని పళ్ళ బ్రష్షు పిడి సగానికి కోసేసింది. చెంచా పిడీ కోసేసింది. చొక్కాల మెడ దగ్గర కుట్టిన చీటీలు కూడా కత్తిరించి పారేసింది.

"ఇంక ఆ జడొక్కటే మిగిలింది, అదీ కత్తిరించెయ్," అంది వదిన గుమ్మంలో నిలబడి కాఫీ తాగుతూ. "పనిలో పనిగా నాలుక కూడా కోసుకున్నావంటే సగం బరువు తగ్గుద్ది. మాకూ నెల రోజులేం, ఏడాది పొడుగునా శాంతి."

"నాకన్నా నీదే పొడుగు వదినా. ముందు నీతో మొదలెడదాం."

పిచ్చుక అని పిలిచేది అన్నయ్య. ఆ పేరే ఇంట్లో, వీధిలో స్థిరపడిపోయింది. ఆమె పార్సిల్ ఆఫీసులో కౌంటరు దగ్గర పని చేస్తుంది. పెట్టెను రెండు చేతులా ఎత్తితే చాలు, కాటా మీద పెట్టకముందే బరువు చెప్పేస్తుంది. అలాంటి మనిషికి తన సొంత సంచి బరువు తేలడం లేదంటే, తల కొట్టేసినట్టు ఉండదూ మరి?

తప్పంతా అన్నయ్యది. రెండేళ్ళ కిందట మెట్ల మీద జారి ఆమె మోకాలు విరగ్గొట్టుకున్న రోజు నుంచీ ఆయనకి ఆ మోకాలు తన సొంత ఆస్తి అయి కూర్చుంది. "ఏడు కిలోలు దాటిందా, ప్రయాణం లేదు" అని తేల్చేశాడు. అనడమే కాదు, రేపు తెల్లవారుజాము బస్సుకి ఆమె కొన్న టికెట్టు లాక్కుని తన జేబులో పెట్టుకున్నాడు. ఈ వారం దాటితే పై కనుమలో మంచు పడి బాట మూసేస్తారు. సెలవు కోసం మేనేజరు కాళ్ళ మీద పడడం ఒక్కటే తక్కువ. చిన్నప్పటి నుంచీ కళ్ళు మూసుకుంటే కనబడే ఆ తెల్లటి శిఖరాలు ఇప్పుడు తప్పితే ఇంకెప్పుడూ లేవు.

బయట మధ్యాహ్నం నుంచీ ఒకటే వాన. దీపాలు పెట్టే వేళ కాకుండానే గదిలో చీకటి మూలల్లోంచి పాకుతోంది. ఆమె ఒక్కొక్క వస్తువునీ వంటింటి కాటా మీద పెట్టి తూచింది. అన్నీ కలిపితే ఏడుకి లోపే. హమ్మయ్య అనుకుని అన్నీ సర్దింది. నిండిన సంచి వంటింటి కాటా మీద పట్టదు. అందుకని వీపుకి తగిలించుకుని, మనుషులు తూగే కాటా ఎక్కింది. తన బరువు ఆమెకి తెలుసు, యాభై. కిందటి నెలే ఆఫీసు కాటా మీద చూసుకుంది. ముల్లు అరవై ఒకటి దగ్గర ఆగింది.

"పదకొండా? నీ మొహం!" అంది కాటాతో.

దించింది. విప్పింది. పొయ్యి తీసి పక్కన పెట్టింది. వేడి నీళ్ళు లేకపోతే చావనులే అనుకుంది. మళ్ళీ ఎక్కింది. అరవై రెండు.

తీస్తే పెరగడమేంటి? రెండో చొక్కా తీసింది. వాన లాగూ తీసింది. ఎండు తిండి పొట్లాలు సగం తీసింది. అరవై నాలుగు. కోపం నషాళానికంటింది. కాటాని ఒక్క తన్ను తన్నింది. కాలి బొటనవేలు వాచింది తప్ప కాటాకి సిగ్గు రాలేదు.

"వదినా, నువ్వొకసారి దీన్ని తగిలించుకుని ఎక్కు!"

"ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఈ అర్ధమొగుడి బరువు కూడా నేనే మొయ్యాలా?" అంటూనే వదిన, పిచ్చుక తీసినవన్నీ మళ్ళీ సంచిలో కుక్కి తగిలించుకుంది. "అటు తిరుగు. నా బరువు చూశావంటే ఊరుకోను." తనే వంగి చూసుకుంది, వేళ్ళ మీద లెక్క కట్టింది. "ఏడు కూడా లేదే! దూదిపింజలా ఉంది. సంచి బాగానే ఉందమ్మా. తేడా నీలోనే ఉంది. లావెక్కావు."

"లాగూ జారిపోతోంది వదినా. లావెక్కడం ఎక్కడ?"

"ఏమో తల్లీ. మీ అన్నయ్య వచ్చేలోపు తేల్చుకో," అని వదిన కిందికి దిగిపోయింది.

పిచ్చుక గది మధ్యలో నిలబడిపోయింది. వాన చప్పుడు. చూరు నుంచి నీళ్ళు కారే చప్పుడు. ఎక్కడి నుంచో తడిసిన రాతి వాసన, ఆరిపోయిన పొగ వాసన... ఆ వాసన ఎక్కడిదో ఆమెకి తెలుసు.

మూడు వారాల కిందట, అలవాటు కోసమని ఊరి వెనక కొండెక్కి, పైనున్న రాతి గుడిసెలో ఒక రాత్రి పడుకుంది. తెల్లారి బయటికొచ్చి సంచి తగిలించుకుంటుంటే, చేయి పట్టీలో ఇరుక్కుపోయింది. అప్పుడు వెనక నుంచి ఎవరో మెల్లగా ఎత్తి పట్టుకున్నారు. మెత్తటి గొంతు. "నేనూ రావచ్చా?" మర్యాదకో, మనసు జారిందో, వెనక్కి తిరగకుండానే నవ్వి, "రండి, దానికేం భాగ్యం" అంది. తిరిగేసరికి పొగమంచు తప్ప ఎవరూ లేరు.

పిచ్చిది. ఈ మూడు వారాలూ ఆ గొంతుకి ఒక మొహం తగిలించుకుంది. నల్లటి జుట్టు, చలికి ఎర్రబడిన చెవులు. కనుమ దగ్గర తన కోసం కాచుకుని ఉంటాడని ఎన్ని ఊహలు అల్లుకుందో, చెబితే వదిన ఊళ్ళో చాటింపు వేసేది.

సంచి పక్కన పెట్టింది. ఉత్త కాళ్ళతో, ఉత్త చేతులతో కాటా ఎక్కింది.

అరవై.

ఊపిరి బిగబట్టింది. కదలకుండా నిలబడింది. ముల్లు మాత్రం నిలబడలేదు. అరవై ఒకటి... అరవై మూడు... మళ్ళీ కాస్త వెనక్కి. మళ్ళీ పైకి. ఎవరో ఊపిరి తీసుకుంటున్నట్టు. ఇన్నాళ్ళూ భుజాల మీద చేతులు మాత్రమే వేసినవాళ్ళు... ఇప్పుడు మెల్లగా ఒరుగుతున్నట్టు.

మెడ వెనక చల్లగా తగిలింది. గడ్డమా?

"ఎప్పుడు బయల్దేరుదాం?"

అదే మెత్తటి గొంతు. చెవిలో. డెబ్భై... డెబ్భై ఐదు... బరువుకి మోకాలు కలుక్కుమంది. ఆ విరిగిన మోకాలే.

"దిగు," అంది గుసగుసగా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భయంతో సగం, ఒళ్ళు మంటతో సగం. ఇన్నేళ్ళు కలలు కని, చెంచా పిడితో సహా కోసుకుని, చివరికి నిన్ను మొయ్యాలా నేను? "దిగు. నేను ఒక్కదాన్నే వెళ్ళాలి. ఒక్కదాన్నే!"

ముల్లు ఒక్కసారిగా పడిపోయింది. యాభై. కాస్త తక్కువే. గాలి తగిలినట్టు ఒళ్ళంతా తేలికైంది. ఏడుస్తూనే నవ్వింది.

అన్నయ్య తడిసిన గొడుగుతో పైకొచ్చేసరికి సంచి సర్ది, పట్టీలు బిగించి సిద్ధంగా ఉంది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, మోకాళ్ళ మీద కూర్చుని మరీ ముల్లు చూశాడు. సంచితో ఒకసారి, లేకుండా ఒకసారి. ఏడుకి లోపే. వంక దొరకనందుకు ఆయన మొహం మాడిపోయింది.

"సరే, పోయిరా పిచ్చుకా," అని టికెట్టు తీసి చేతిలో పెట్టాడు. "రోజూ ఫోన్ చెయ్. చెయ్యకపోతే నేనే ఆ కొండెక్కుతా."

"నువ్వెక్కితే కొండ కుంగుతుంది అన్నయ్యా!"

నవ్వుతూ ఇద్దరూ మెట్లు దిగారు. వంటింట్లో వదిన గట్టు పట్టుకుని వంగి నిలబడి ఉంది.

"ఏమైందే?" అన్నాడు అన్నయ్య.

"ఏమోనండీ, ఉన్నట్టుండి భుజాలు పట్టేశాయి. ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంది. నడుం లేవట్లేదు."

"పొద్దుటి నుంచీ దాని సామాను మోశావుగా. ఉండు, మందు రాస్తా," అని ఆయన గదిలోకి వెళ్ళాడు.

పిచ్చుక గుమ్మంలోనే ఆగిపోయింది. వదిన స్వెట్టరు రెండు భుజాల మీదా లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఒక్కో వైపూ నాలుగేసి గుంటలు. వేళ్ళు పట్టుకున్నట్టు.

చేతిలో టికెట్టు. తెల్లవారితే బస్సు. నోరు మూసుకుని వెళ్ళిపోతే ఎవరికీ తెలియదు. తెల్లటి శిఖరాలు కళ్ళ ముందే మెరిశాయి... వదిన సన్నగా మూలిగింది. తను మోకాలు విరిగి పడుకున్న రోజుల్లో రాత్రీ పగలూ మంచం దగ్గర కూర్చున్న మనిషి. పిచ్చుకకి తన మీద తనకే అసహ్యం వేసింది.

కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలీ కదలకుండా అంది. "నా మీదికి వచ్చెయ్. నాతో తీసుకెళ్తాను. వచ్చెయ్."

వంటింట్లో దీపం ఒకసారి రెపరెపలాడింది. తడి రాతి వాసన. వీపు మీద బరువు వచ్చి పడింది.

వచ్చింది. సరే. మోస్తుంది. కొండ మీదికి తీసుకెళ్ళి వదిలేస్తుంది. ధైర్యంగా కళ్ళు తెరిచింది.

వదిన ఇంకా వంగే ఉంది. "అమ్మా... ఇంకా బరువెక్కుతోందే..." అంది.

పిచ్చుక పార్సిలు ఎత్తగానే బరువు చెప్పే మనిషి. తన వీపు మీద ఉన్న బరువు ఇందాకటిది కాదని అప్పుడు తెలిసింది. ఇది చాలా తక్కువ. చాలా చిన్నది. మెడ చుట్టూ వేసిన రెండు చేతులూ ముందు కలవడానికి చాలడం లేదు. బుజ్జి మోకాళ్ళు పక్కటెముకల్లో గుచ్చుకుంటున్నాయి.

రమ్మంది. ఎవర్ని రమ్మందో చెప్పలేదు.

పైన ఖాళీ గదిలో, కాటా ముల్లు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు... ఒకరు దిగితే ఒకరు ఎక్కుతున్నట్టు.