ఆకుపచ్చ కోటు

"సాయంత్రం నాలుగింటికల్లా తేల్చు. వాడు మనవాడా, కాదా?"

సార్జెంట్ మేజర్ టర్న్‌బుల్ బంగాళాదుంప తొక్క తీస్తూ, తలెత్తకుండా అన్నాడు. ఎదురుగా కార్పొరల్ ఆల్విన్ పెట్రీ తొక్క తీస్తూనే విన్నాడు. ఇద్దరి మణికట్లకూ ఎవరివి వాళ్ళకే సంకెళ్ళు, రెండు చేతుల మధ్యా మూరెడు గొలుసు. ఫ్రాన్సులో డియెప్ తీరాన పట్టుబడి ఈ శిబిరానికొచ్చిన కెనడా సైనికులకు జర్మన్లు వాటిని పొద్దున ఎనిమిదింటికి వేసి రాత్రి ఎనిమిదింటికి తీసేవాళ్ళు. చేపల డబ్బా తెరిచే రేకు తాళంచెవితో అవి సుబ్బరంగా ఊడి వస్తాయని కనిపెట్టడానికి కుర్రాళ్ళకు వారం పట్టలేదు.

టర్న్‌బుల్ చెప్పాల్సింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. పాలపొడి డబ్బాలో దాచిన రేడియో పది రోజులుగా మూగబోయి ఉంది. మొన్న ఇంకో శిబిరం నుంచి డగ్లస్ కేర్న్స్ అనేవాడొచ్చాడు. రేడియో పని వచ్చునట, బాగుచేస్తానంటున్నాడు. మనవాడైతే నాలుగింటికి టర్న్‌బుల్ అతనికి డబ్బా చూపిస్తాడు. జర్మన్లు పంపినవాడైతే రేడియోతోపాటు దాన్ని కాపాడుతున్న నలుగురి ప్రాణాలూ పోతాయి. ఆ నలుగురిలో వీళ్ళిద్దరూ ఉన్నారు.

"హార్వీ క్రాసింగ్ వాణ్ణంటున్నాడు. అది మీ ఊరేగా? అనుమానం వస్తే లోపలికొచ్చి టీ చల్లారిపోతోందను. చాలు."

ఆల్విన్‌కు ఈ పని అప్పగించడానికి ఇంకో కారణం ఉంది. శిబిరం రహస్య కబుర్లు బయటికి రాసేదీ అతనే. నెలకోసారి భార్య ఐవీకి రాసే ఉత్తరంలో కొన్ని స్థానాల్లో అతను ఏరిన మాటలు పెడతాడు. ఒట్టావాలో ఒక ఆఫీసు వాళ్ళు ఆ మాటలు లెక్కపెట్టి తీస్తే అది శిబిరం నుంచి వచ్చిన కబురవుతుంది. మాటలు కుదరాలంటే లేనిపోనివి కల్పించక తప్పదు. అటునుంచీ అంతే. ఆఫీసు వాళ్ళిచ్చిన వాక్యాలను ఐవీ తన వాక్యాల మధ్య తన చేత్తో రాస్తుంది. ఏది పెళ్ళాం మాటో, ఏది ప్రభుత్వం మాటో లెక్కపెడితే తప్ప తెలియదు. 'వాల్టర్ నాకు మంచు మీద రాళ్ళాట నేర్పిస్తున్నాడు' అన్న వాక్యం రెండు నెలల క్రితం వచ్చింది. లెక్క తేలకముందే ఆ కాగితం చెమటకు తడిసి పాడైపోయింది. వాల్టర్ ఎవరో ఆల్విన్‌కు తెలియదు. ఆ వాక్యం మాత్రం ఇంకా గొంతులో ముల్లులా ఉంది.

కేర్న్స్ గోడవార ఎండలో కూర్చుని ఉన్నాడు. సంకెళ్ళలో కూడా పెళ్ళికొడుకులా ఉన్నాడు. పళ్ళు తెల్లగా, జుట్టు నున్నగా, మెడలో ఎక్కడ సంపాదించాడో పట్టు రుమాలు. ఆల్విన్ ధాన్యం గిడ్డంగి గురించి అడిగాడు, స్టేషన్ పక్క హోటల్లో పండ్ల రొట్టె గురించి అడిగాడు, హాకీ జట్టులో గోలు కాసే కుంటి బెర్ట్ గురించి అడిగాడు. అన్నింటికీ జవాబులు తడుముకోకుండా వచ్చాయి.

"మీ ఆవిడ ఐవీ కదూ, గురూ?" అన్నాడు కేర్న్స్ ఉన్నట్టుండి.

"నీకెలా తెలుసు?"

"నలభై ఒకటి చలికాలం. నువ్వప్పటికే ఇంగ్లండులో ఉన్నావు. డాన్సు హాలుకి ఆకుపచ్చ కోటు వేసుకొచ్చింది. గుమ్మంలో నిలబడితే అందరూ అటే చూశారు. నాతో ఒక డాన్సు చేసింది. కోపం తెచ్చుకోకు, ఒక్కటే."

ఆల్విన్ నవ్వాడు. గొలుసు చప్పుడు కాకుండా చేతులు తొడల మధ్య బిగించుకున్నాడు. ఇంకేమీ అడగకుండా లేచి లోపలికి వచ్చి పడుకున్నాడు.

ఐవీకి ఉన్నది వాళ్ళమ్మ ఇచ్చిన గోధుమరంగు కోటు. మోచేతి దగ్గర అతుకు. బేకరీలో వచ్చే జీతంతో కొత్త కోటు ఎలా వస్తుంది? ఎవడు కొనిచ్చాడు? వాల్టరే అయ్యుండాలి. వాల్టర్‌కి సన్నటి మీసం ఉంటుందనిపించింది. దుకాణంలో అద్దం ముందు ఐవీ నిలబడి ఉంటుంది. వెనకనుంచి వాల్టర్ కోటు భుజాల మీద వేస్తాడు. ఆమె ఒక్కొక్క బొత్తామే పెట్టుకుంటుంది. పెద్ద నల్ల బొత్తాలు. ఆల్విన్‌కు ఒళ్ళు మండింది. అసూయతో మనిషికి చూపు పెరుగుతుందేమో, బొత్తాల మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి.

బొత్తాలా?

కేర్న్స్ బొత్తాల మాటే ఎత్తలేదు.

ఆల్విన్ లేచి కూర్చున్నాడు. నవంబరు ఉత్తరం. ఒక స్థానంలో ఆకుపచ్చ, ఇంకో స్థానంలో నల్ల అన్న మాటలు పడాలి. ఎంత ఆలోచించినా కుదరక, 'డాన్సు హాలుకి నల్ల బొత్తాల ఆకుపచ్చ కోటులో నువ్వొచ్చినట్టే ఉంది నా కళ్ళకి' అని రాసిపారేశాడు. ఆ కోటు ప్రపంచంలో ఎక్కడా లేదు. తన అబద్ధాన్ని తానే నమ్మి గంటసేపు కుళ్ళుకున్నాడు. ఆ కోటు సంగతి తెలిసింది ఐవీకి, ఒట్టావాకి, మధ్యలో ఉత్తరాలు విప్పి చదివే జర్మను సెన్సారు వాళ్ళకి. గిడ్డంగి, పండ్ల రొట్టె, కుంటి బెర్ట్ కూడా ఆ ఉత్తరాల్లో ఉన్నవే.

గోడ గడియారం నాలుగు దాటింది.

పొయ్యి గది తలుపు తోసేసరికి టర్న్‌బుల్ చెయ్యి పాలపొడి డబ్బా మూత మీద ఉంది. కేర్న్స్ పక్కనే వంగి చూస్తున్నాడు.

"సార్, టీ చల్లారిపోతోంది."

టర్న్‌బుల్ రెప్ప కూడా వెయ్యలేదు. ఆ డబ్బాను పక్కకు జరిపి వెనకదాన్ని లాగి మూత తీశాడు. నెలరోజులుగా పులుస్తున్న ఎండుద్రాక్ష కంపు గదంతా కొట్టింది.

"ఇదే బాబూ మా రేడియో. రెండు గుక్కలు తాగు, లండన్ వినిపిస్తుంది."

కేర్న్స్ కూడా నవ్వాడు, కానీ కాస్త ఆలస్యంగా.

మర్నాడు పొద్దున కాపలావాళ్ళు నేరుగా ఆ అలమర దగ్గరికే వచ్చి డబ్బాలన్నీ తిరగేశారు. దొరికింది ద్రాక్షసారా. రేడియో అప్పటికే అకార్డియన్ పెట్టె కడుపులోకి మారిపోయింది. మధ్యాహ్నానికి కేర్న్స్‌ను 'ఆస్పత్రికి' తీసుకెళ్ళారు. మళ్ళీ రాలేదు.

"మన లెక్క వాళ్ళకు తెలిసిపోయిందా సార్?" ఉత్తరంలో రాసిన కోటు సంగతి చెప్పి ఆల్విన్ అడిగాడు.

"తెలిస్తే ఆ కోటుని నమ్ముతారా? నిజమని నమ్మారు కాబట్టే బతికాం. మీ ఆవిడ కోటు నలుగురిని కాపాడిందిరా."

"దానికి ఆ కోటే లేదు సార్."

"మరీ మంచిది."

ఆగస్టులో ఐవీ ఉత్తరం వచ్చింది. ఊళ్ళో వానలు లేవట. కుంటి బెర్ట్‌కి కవలలట. చివర్న ఇలా ఉంది: 'నువ్వు రాసినప్పటినుంచీ ఆ ఆకుపచ్చ కోటు మనసులో పడింది. పోయిన నెల కొనుక్కున్నాను. వాల్టర్ వెంట వచ్చి ఎంచి పెట్టాడు.'

ఆల్విన్ పెన్సిలు తీసి మాటలు లెక్కపెట్టాడు. అందింది, కొనసాగించండి, అని తేలింది. ఇంకోసారి లెక్కపెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు. ఏ లెక్కలోకీ వాల్టర్ రాలేదు.

"ఏమంటోంది ఒట్టావా?" అన్నాడు టర్న్‌బుల్.

ఆల్విన్ ఉత్తరం నాలుగు మడతలు పెట్టాడు.

"ఒట్టావా బాగానే ఉంది సార్."