పాటల నడుమ ప్రార్థన

"మా అన్న పెళ్ళామే చేసింది సార్. ఇంకెవరికుంది అవసరం?"

శ్రీకాకుళంలోని ఆ చిన్న ఆఫీసులో కుర్చీ లాక్కునేలోపే స్వర్ణ ఈ మాట అనేసింది. సొంతూరు నరసన్నపేట, విశాఖలో నర్సు ఉద్యోగం. డిటెక్టివ్ జగన్నాధం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన విసుగు ఆపుకుంటున్నాడని అసిస్టెంటు ఈశ్వరికి అర్థమైంది.

"మొదట్నించీ చెప్పండి."

స్వర్ణ తల్లి కరుణమ్మ బాప్టిస్టు చర్చిలో పాటలు పాడేది. బతికుండగా ఆ పాటలు ఒక సీడీగా చేయించారు. పాటకీ పాటకీ మధ్య ఆమె పేరుపేరునా ప్రార్థించింది. వానల కోసం, కొడుకు ఉద్యోగం కోసం, పాస్టరుగారి మోకాలి నొప్పి కోసం కూడా. మిగిలింది ఆ ఒక్క సీడీయే. ఆదివారం ఆమె సంవత్సరీకపు కూడిక. అందులో వినిపించాలని అన్న స్టాన్లీ దాన్ని కంప్యూటరులోకి కాపీ చేశాడు. తీరా పెట్టి చూస్తే పాటలున్నాయి, ప్రార్థనలు లేవు.

"అందులో అమ్మ మా అన్న పెళ్ళాం గౌరి పేరెత్తి, మనసు మార్చమని దేవుణ్ణి అడిగిందట. పిన్ని చెప్పింది."

"మీరు వినలేదా?"

"రికార్డింగు నాడు డ్యూటీలో ఉన్నాను. తర్వాత ఇంట్లో ప్లేయరు పాడైపోయింది."

"అసలు సీడీ ఏదీ?"

"వరిచేలో వేలాడుతోంది సార్! పిట్టల్ని బెదరగొట్టడానికి తాడు కట్టి వేలాడదీసింది ఆ గౌరి. ఆదివారం ఆవిడ మా గడప లోపల ఉండడానికి వీల్లేదు."

నరసన్నపేటలో గౌరి వాళ్ళకి పెరట్లోనే ఎదురైంది. భావనపాడు చేపల వ్యాపారుల ఇంటి పిల్ల.

"అవును, నానే కట్టినాను. కాపీ అయిపోనాది, ఇంక దీంతో పనేటని మా ఆయనే అన్నాడు. పిచ్చికలు గింజ మిగల్నిస్తన్నాయా? నన్ను దొంగంటే ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే బస్సెక్కీస్తాను!"

"ఎక్కుదురుగాని, ముందు ఆ సీడీ తెచ్చిపెట్టండి" అన్నాడు జగన్నాధం.

సీడీ దుమ్ము కొట్టుకుపోయి ఉంది, గీతలూ పడ్డాయి. ఆయన తడిగుడ్డతో నడిమి నుంచి అంచువైపు తుడిచి, కారులో తెచ్చిన ప్లేయరులో పెట్టాడు. మొదటి పాట అయింది. ప్లేయరు తెర మీద అంకెలు మైనసు గుర్తుతో వెనక్కి తగ్గసాగాయి. "ప్రభువా..." అని ఒక ముసలి గొంతు. గీత తగిలి ప్లేయరు అక్కడే ఇరుక్కుపోయింది.

"అంకెలు చూశావా ఈశ్వరీ?"

చూసింది గాని, అర్థం మాత్రం కాలేదు.

స్టాన్లీ ప్రైవేటు స్కూల్లో కంప్యూటరు టీచరు. అడక్కుండానే మొదలుపెట్టాడు. "నా కాపీలో తప్పుండదు సార్. సెక్యూర్ మోడ్‌లో పెట్టాను. ప్రతి ముక్కా రెండేసిసార్లు చదివించి పోల్చాను. డ్రైవు చదవడంలో వచ్చే కాస్త తేడా, ఆఫ్‌సెట్, అదీ సరిచేశాను. నాణ్యత తగ్గే ఎంపీత్రీ కాదు, ఏమీ తగ్గని ఫ్లాక్! రిపోర్టులో ఒక్క తప్పు లేదు."

"అసలు సీడీతో పనిలేదనే ముందు విన్నారా?"

"రిపోర్టులో..."

"చెవులతో విన్నారా అని అడుగుతున్నాను!"

జగన్నాధం అందరినీ కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు.

"స్వర్ణగారూ, గౌరిగారు తన గురించి ఉన్న మాట తీసేయాలనుకుంటే ఆ ఒక్కటే తీసేవారు. ఇక్కడ ప్రార్థనలన్నీ పోయాయి. పాస్టరుగారి మోకాలి మీద ఈవిడకేం పగ?"

గౌరి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మనిషి ఏరుకుని కోస్తాడు. యంత్రం చెప్పినవన్నీ కోస్తుంది. సీడీలో పాటకి ముందు గ్యాప్ అని కొంత జాగా ఉంటుంది. అక్కడ ప్లేయరు మైనసు అంకెలు చూపిస్తుంది. మామూలుగా అందులో నిశ్శబ్దమే ఉంటుంది. కావలసిన పాటకి నేరుగా వెళ్ళేలా ఈ రికార్డింగతను ప్రార్థనల్ని అక్కడ పెట్టాడు. స్టాన్లీగారూ, గ్యాపుల్ని ఏం చెయ్యాలని సాఫ్ట్‌వేర్ అడిగితే ఏం ఎంచుకున్నారు?"

"వదిలెయ్యమన్నాను సార్. ఖాళీయే కదా అని..."

"వదిలేసింది. మిగిలినదాన్ని తు.చ. తప్పకుండా కాపీ చేసి, తప్పుల్లేవంది. మీరు అక్కర్లేదన్నదాంట్లో తప్పు ఎలా చూపిస్తుంది మహానుభావా!"

"ఒరే అన్నయ్యా!" అని స్వర్ణ తల పట్టుకుంది.

"ఈసారి గ్యాపుల్ని ముందు పాట చివర అతికించమనండి. మిగతా సెట్టింగులు ముట్టుకోకండి, అవి బాగానే ఉన్నాయి. గీతలు పడ్డ సీడీకి, అనుమానం వచ్చినచోట ఆగి మళ్ళీమళ్ళీ చదివే ఆ పద్ధతే దిక్కు."

డ్రైవు మూలిగింది, ఆగింది, మళ్ళీ తిరిగింది. గీతల దగ్గర ఎంతసేపటికీ కదల్లేదు. చివరికి పని పూర్తయింది. ఈసారి స్టాన్లీ రిపోర్టు తెరవలేదు, పాటే పెట్టాడు. పాట ముగిశాక కరుణమ్మ గొంతు గదిలోకి వచ్చింది.

"ప్రభువా, గౌరి మా ఇంటికొచ్చిన పిల్ల. దాన్లో ఏ వంకా లేదు. నా స్వర్ణ మనసు మార్చు నాయినా. ఆలిద్దరూ ఒక కంచంలో తినీలాగ సెయ్యి."

స్వర్ణ ముఖం పాలిపోయింది.

మొదట గౌరే నోరు విప్పింది, మొగుడి వైపు తిరిగి. "ఇది తీసీ. ఆదివారం జనం ముందర మీ సెల్లి సిన్నబోతాది."

స్టాన్లీ చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తాను!" అని స్వర్ణ అరిచింది. కళ్ళు తుడుచుకుని గౌరి పక్కకి జరిగి కూర్చుంది. "ఉండనీ వదినా. అందరూ విననీ."