గొణుగుడు మిద్దె

పుంగనూరు పాత సంతపేట వెనక సందులో ఒక మిద్దె ఉండేది. పొద్దుగూకిందంటే ఆ సందులో మనిషి నడిచేవాడు కాదు. సైకిలు మీద పోయేవాడు సైతం సందు మొగదల్లోనే హ్యాండిలు తిప్పేసి, అర మైలు చుట్టు తొక్కుకుని ఇంటికి చేరేవాడు.

గొణుగుడు మిద్దె అనేవాళ్లు దాన్ని.

ఎందుకంటే... లోపల గొణుగుతుంది.

తలుపుకు తాళం. కిటికీలకు అడ్డంగా కొట్టిన చెక్కలు. అయినా రాత్రి భోజనాలయ్యే వేళకు లోపలినుంచి ఒక ఆడగొంతు — సన్నగా, ఆగకుండా, పక్కన కూర్చున్న మనిషికి చెబుతున్నట్టు. ఆ మాటలు ఏ భాషవో ఎవరికీ అంతుపట్టలేదు. పుంగనూరు మూడు రాష్ట్రాల మొన మీది ఊరు. అక్కడ గాజులమ్ముకునేవాడికి కూడా తెలుగు, అరవం, కన్నడం, ఉర్దూ నాలుగూ వచ్చు.

"నాలుగిట్లో లేని బాస అంటే అది సచ్చినోళ్ల బాసే" అని పెద్దలు తేల్చేశారు.

దర్గా దగ్గరి సాయిబు వచ్చి తాయెత్తు కట్టిపోయాడు. కుప్పం అవతలనుంచి భూతవైద్యుడు వచ్చి గడప మీద నిమ్మకాయలు కోసిపోయాడు. గొణుగుడు మాత్రం ఆగలేదు.

అట్లాంటి మిద్దెలో ఒక రాత్రంతా పడుకున్నవాడు ఒక్కడే. దామోదరం. ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో ఎన్నో ఏళ్లకు అతనే నోరు విప్పితే గానీ బయటికి రాలేదు.

అది డెబ్భై ఎనిమిది. దామోదరం మలేషియా పిల్లవాడు. వాళ్ల తాత కుప్పం దగ్గరి పల్లెనుంచి రబ్బరు తోటల పనికి ఓడెక్కినవాడు. అక్కడ కాలేజీ సీటు దొరక్కపోతే, తండ్రి "తాతల నేల చూసినట్టూ ఉంటుంది, డిగ్రీ వచ్చినట్టూ ఉంటుంది" అని మదనపల్లెకు పంపాడు. బస్సు దిగుతూనే దామోదరం ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. మూడు నెలలు దాన్ని దించలేదు.

"మా దేశంలో బస్సుల్లో గొర్రెలెక్కవు. మా దేశంలో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. మా దేశంలో రోడ్డు పక్కన ఎవరూ కూర్చోరు..."

వినీ వినీ హాస్టలు పిల్లలు అతనికి మాదేశప్ప అని పేరు పెట్టారు.

శనివారం మధ్యాహ్నం క్లాసులు అయిపోగానే మెడలో కెమెరా వేసుకుని ఏదో ఒక బస్సెక్కేవాడు. గుర్రంకొండ పోయి కోట చూసి "రాళ్లగుట్టకు ఇంత పేరా" అన్నాడు. వాయల్పాడు పోయి టీ తాగి, గ్లాసు ఫోటో తీసుకున్నాడు, దాని మురికి కోసం. కుప్పం కూడా పోయాడు. తాత ఊరు అక్కడికి నాలుగు మైళ్లు, నడిచే పోవాలన్నారు. వచ్చిన బస్సే ఎక్కి వెనక్కొచ్చాడు. ఆదివారం రాత్రి కూర్చుని ఈ వింతలన్నీ చెల్లెలికి ఉత్తరం రాసేవాడు. ఆ ఉత్తరం చదివి అక్కడ ఇల్లంతా నవ్వుకునేదట.

అతనికి ఇంకో రహస్య సుఖం ఉండేది. ఎదుటివాళ్లను మలయ్ భాషలో తిట్టడం — నవ్వుతూ, తల ఊపుతూ. హాస్టలు వంటాయన సంగటి ముద్ద పెడితే "దీన్ని మా ఊళ్లో పందులు కూడా ముట్టవు" అని ఆ భాషలో అని చేతులు జోడించేవాడు. పొగిడాడనుకుని వంటాయన ఇంకో ముద్ద వేసేవాడు.

దామోదరం గదిలోనే ఉండే ఘనిది పుంగనూరు. గాజుల అంగడి వాళ్ల పిల్లవాడు. ఒక శనివారం అతనే పిలిచాడు.

"మా యింటికి రాప్పా. మా అమ్మ చేతి కూడు తిని చూడు. దాని గురించి గూడా రాసుకుందువు మీ చెల్లెలికి."

ఇద్దరూ పుంగనూరు బస్సెక్కారు.

ఘని వాళ్ల ఇంటి ముంగిట నిలబడి, వంగి గడప దాటుతూ దామోదరం ముసిముసిగా నవ్వుతూ అన్నాడు. "రుమా మాచం రెబన్ ఆయం." కోళ్లగూడు లాంటి ఇల్లు అని.

"ఏమంటాండాడు?" అంది ఘని తల్లి మైమూన్ బీ.

"ఇల్లు చల్లగా ఉందన్నానమ్మా."

ఆమె మురిసిపోయింది. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడి కుష్కా, దాల్చా, వంకాయ కూర చేసి పెట్టింది. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసి, "మకనన్ లెంబు" అన్నాడు. గొడ్ల మేత. అమృతంలా ఉందంటున్నానని తెలుగులో చెప్పాడు. వీళ్లు వచ్చినప్పుడు ముంగిట ఊడుస్తూ ఉన్న పని ముసలామె చెంబుతో నీళ్లు తెచ్చి, పోయడానికి ఒక్క క్షణం ఆగింది. దామోదరం ఆమె మొహం ముందు చిటికె వేశాడు.

"పాపం, ఆమెకు నోరు లేదు. మునిరత్నమ్మ" అన్నాడు ఘని. "చెవులు బాగానే పనిచేస్తాయి."

భోజనాలవుతుండగానే వెంకటరమణప్ప అనే పెద్దమనిషి వచ్చాడు. గొణుగుడు మిద్దె ఆయనదే. పీట మీద కూర్చుని, ఫారిన్ పిల్లవాడు వచ్చాడని తెలిసి వచ్చానన్నాడు.

"కుప్పం నుంచి రేపు పొద్దున పార్టీ వస్తాండాది సామీ. పట్టుగూళ్ల యాపారి. మిద్దె ఆయనకు నచ్చింది. దెయ్యం మాట యాడనో ఇని ఎనకాడతాండాడు. నువ్వు సైన్సు సదివేటోడివి. ఒక్క రాత్రి ఆడ పండుకోని, లోపల ఏమీ లేదని ఒక్క మాట చెప్పు. నీ మాటైతే నమ్మతాడు."

దామోదరం నవ్వాడు. వారం వారం ఊళ్లు తిరిగినందుకు ఇన్నాళ్లకు ఒక పని దొరికింది.

"దెయ్యాలు మీ ఊళ్లోనే ఎందుకుంటాయో తెలుసా? చదువు లేదు కాబట్టి. సరే, పడుకుంటాను."

మైమూన్ బీ మాత్రం మెల్లగా అడిగింది. "మిద్దె అమ్మేస్తే ఈ మునిరత్నమ్మ యాడికి పోతాది వెంకటరమణప్పా? నీ వదినె గదా."

అప్పుడు తెలిసింది దామోదరానికి — ఆ మూగామె మొగుడు వెంకటరమణప్పకు అన్న. ఎప్పుడో దేశాంతరం పోయి అక్కడే చచ్చాడు. ఈమె ఒక్కతే నోరు పడిపోయి తిరిగొచ్చింది. మిద్దె వెనక పశువుల కొట్టంలో ఉంటోంది.

"యాడికో ఆడికి. సత్రాలు లేవా" అన్నాడు వెంకటరమణప్ప. "ముప్పై రెండేండ్లు కొట్టంలో ఉండనిస్తిని. సాలదా?"

"తీకుస్ తువా" అన్నాడు దామోదరం ఆయనకు నమస్కారం పెడుతూ. ముసలి ఎలుక.

ఎనిమిది దాటాక బయల్దేరారు. సందు మొగదల్లో ఘని ఆగిపోయాడు.

"నేను ఈడనే ఉంటా" అన్నాడు గుసగుసగా.

"ఇక్కడ ఉండి ఏం చేస్తావు?"

ఘని సందు గోడకు ఆనుకున్నాడు. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే అక్కడ లేడు.

వెంకటరమణప్ప తాళం తీసి, చాప, లాంతరు చేతికిచ్చి, గడప ఇవతలినుంచే వెళ్లిపోయాడు. నడవలో గబ్బిలాల కంపు. మూల ఒక విరిగిన మంచం. లోపలి గది తలుపు దగ్గరగా వేసి ఉంది. దామోదరం చాప పరిచి, వెల్లకిలా పడుకుని, చెల్లెలికి రాయబోయే ఉత్తరం మనసులో కూర్చుకోసాగాడు.

లాంతరు సన్నగిల్లింది.

ఎక్కడో కుక్క అరిచి ఊరుకుంది...

అప్పుడు వినిపించింది.

లోపలి గదిలోనుంచి. సన్నగా. గాలి కాదు, ఎలుక కాదు — మనిషి గొంతే. దామోదరం మోచేతి మీద లేచాడు. ఎవత్తో పిచ్చిది దూరి ఉంటుంది, ఈ మాత్రానికి ఊరు ఊరంతా చుట్టు తిరిగి పోతోంది అనుకున్నాడు. చెవి ఒగ్గాడు.

"రుమా..."

చెవులు మోసం చేశాయనుకున్నాడు.

"రుమా... మాచం రెబన్ ఆయం..."

కోళ్లగూడు లాంటి ఇల్లు. సముద్రానికి ఇవతల ఆ మాట తెలిసిన మనిషి లేడు. ఊళ్లోవాళ్లకు అది అర్థంకాని గొణుగుడు, అంతే. అర్థమయ్యేది అతనొక్కడికే.

"మకనన్ లెంబు..." గొంతు దగ్గరికొచ్చింది. తలుపు అవతలే ఉంది. "తీకుస్ తువా..."

పగలు తనన్నవి. ఒక్కొక్కటీ. తన వరసలోనే.

లేవబోయాడు. చాప కాళ్లకు చుట్టుకుంది. ఘనిని కేకేయబోతే నోట్లోంచి తెలుగు రాలేదు.

"సియాపా?" అన్నాడు. ఎవరు?

లోపల గొణుగుడు ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు... ఆ నిశ్శబ్దం గొణుగుడు కంటే అన్యాయంగా ఉంది.

తర్వాత, చాలా మామూలుగా, పక్కింటి ఆడమనిషి అడిగినట్టు —

"సుదా మకన్, దామోదరం?"

అన్నం తిన్నావా, దామోదరం.

గదిలో అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. చేతిలో బుడ్డి దీపంతో, నెరిసిన తలతో, కొంగు బిగించుకుని — మునిరత్నమ్మ.

"లాంతరు పెద్దది జేసుకో" అంది తెలుగులో. తుప్పుపట్టిన గడియ తీసినట్టుంది గొంతు. "నీ మొగం సూడనీ. పగలంతా నవ్వతానే ఉంటివి గదా."

అతను లాంతరు వత్తి పెంచాడు. "నువ్వు... మూగ కదా."

"పగలు."

ఆమె గడప మీద కూర్చుంది. వెనక కొట్టంలోనుంచి లోపలి గదిలోకి దారి ఉందని, రోజూ రాత్రి అక్కడే పడుకుంటుందని చెప్పింది.

"పద్దెనిమిదేండ్లకు ఓడెక్కినా. పదేండ్లు రబ్బరు పాలు తీసినా. యుద్ధమప్పుడు జపానోళ్లు నా మొగుణ్ని రైలుకట్ట పనికి తోలుకోనిపోయిరి. మళ్లీ రాలా. తిరిగొచ్చి ఈ తలుపు తడితే నా మరిది ఏమన్నాడు? భాగం అని నోరెత్తినావంటే బయటికి నూకుతా అన్నాడు. సరే, ఎత్తనులే అనుకుంటి."

"మరి రాత్రిపూట ఈ గొణుగుడు?"

"ఏముండాది అందులో. సంత పట్టీ." ఆమె వేళ్లు మడిచింది. "ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఎండు చేపలు, మిరపకాయలు. ఆడ పక్కింటి మలయామెతో సంతకు పొయ్యేదాన్ని. ఆ మాటలు మరిసిపోకుండా చెప్పుకుంటా పండుకున్న్యా. గోడ అవతల ఎవుడో ఇని జడుసుకోని పరిగెత్తినాడు. అప్పుడు తెలిసింది నాకు. ఎర్రగడ్డలకు జడుసుకునే ఊరు ఇది."

దామోదరానికి నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"వాళ్లు తెలీక జడుసుకునిరి. నువ్వో? ఆయమ్మ పొద్దున్నించి పొయ్యికాడ నిలబడి వండె. గొడ్ల మేత అంటివి. అమృతమన్నాడంట అని నాకు చెప్పుకోని సంబరపడింది. నేను నోరు మూసుకోని బతికినా. నువ్వు నోరు తెరిసి చేసే పని ఇదా?" దీపం చేతిలోకి తీసుకుంది. "ఆ ముసలి ఎలక అన్నది మాత్రం సరింగానే అంటివి."

"రేపు వాళ్లడిగితే నేనేం చెప్పాలి?"

"నీ ఇష్టం. నీ కాళ్లు పట్టుకుంటా అనుకుంటివా?"

దీపం ఊదేసి లోపలికి పోయింది.

దామోదరానికి నిద్ర పట్టలేదు. సాయిబు పట్టుకోలేనిది, భూతవైద్యుడు పట్టుకోలేనిది తను ఒక్క రాత్రిలో పట్టుకున్నాడు. పొద్దున్నే పదిమందిలో నిలబడి ఆ మూగామెను వేలితో చూపిస్తే చాలు. కాలేజీ అంతా చెప్పుకుంటుంది. చెల్లెలికి పది పేజీల ఉత్తరం. ఆ ఉత్తరం మొదటి వాక్యం దగ్గరే తెల్లారింది.

తలుపు తీసేసరికి సందు మొగదల్లో జనం. ముందు వెంకటరమణప్ప. ఆయన పక్కన భుజాన తువ్వాలుతో కుప్పం వ్యాపారి వెంకటముని. వెనక ఘని. మునిరత్నమ్మ పరక చేతపట్టుకుని వాకిలి ఊడుస్తోంది. తలెత్తలేదు. దుమ్ము దామోదరం కాళ్ల మీదికే వస్తోంది.

"అబ్బాయ్" అన్నాడు వెంకటముని. "నువ్వు సదువుకున్నోడివి. ఉన్నదున్నట్టు చెప్పు. లోపలేమన్నా ఉండాదా?"

"ఏమీ లేదని చెప్పు సామీ" అన్నాడు వెంకటరమణప్ప, నవ్వుతూ.

దామోదరం ఆ నవ్వు చూశాడు. అది తనకు బాగా తెలిసిన నవ్వే. ఇన్నాళ్లూ తన మొహం మీద తిరిగిన నవ్వు ఇంకొకరి మొహం మీద ఎంత అసహ్యంగా ఉంటుందో అప్పుడు కనిపించింది.

"ఉండాది" అన్నాడు.

మూడు నెలల్లో ఆ ఊరి మాట అతని నోట రావడం అదే మొదటిసారి.

"ఏం జేసింది?"

"పేరు పెట్టి పిలిచింది. అన్నం తిన్నావా అని అడిగింది. పగలు నేను ఎవరికీ తెలీకుండా ఏమేమన్నానో అన్నీ... ఒక్కటి కూడా విడిచిపెట్టకుండా చెప్పింది."

అందులో ఒక్క అబద్ధం లేదు.

జనం రెండడుగులు వెనక్కి వేశారు. వెంకటముని తువ్వాలు దులుపుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా బస్టాండు వైపు నడిచాడు. వెంకటరమణప్ప నవ్వు అట్లాగే ఉండిపోయింది, తీసి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

పరక ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఊడవడం మొదలుపెట్టింది.

ఘని వాళ్ల ఇంట్లో మైమూన్ బీ అతని నుదురు తాకి చూసి, జ్వరం లేదని తేల్చుకుని, జబ్బకు తాయెత్తు కట్టింది. హాస్టల్లో ఈ కబురు పాకితే మూడేళ్లూ నవ్వుతారని అతనికి తెలుసు. నవ్వారు కూడా. రాత్రి మిగిలిన కుష్కా వేడి చేసి పెడితే వంచిన తల ఎత్తకుండా తిన్నాడు.

మునిరత్నమ్మ చెంబుతో వచ్చి చేతులకు నీళ్లు పోసింది. మైమూన్ బీ అటు తిరిగింది. మునిరత్నమ్మ పెదవులు కదలకుండా, అతనొక్కడికే వినబడేట్టు అంది.

"బోదో."

మలయ్ భాషలో బుద్ధిలేనివాడిని అట్లా అంటారు.

"బస్సుకు టైమైంది. లెయ్" అంది అదే గుసగుసలో.

చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.