బండి పక్కకి లాగుతోంది

ఉదయం ఆరున్నరకి ఇమ్మానియేలు స్పిన్నింగ్ మిల్లు నుంచి ఇంటికి వచ్చాడు. చొక్కాకి అంటిన దూది పీచు కూడా దులుపుకోకుండా, వాకిట్లో ఉన్న పాత కారు చుట్టూ తిరుగుతూ చక్రాలకేసి వంగి చూస్తున్నాడు.

"ఇవాళ ఆస్పత్రి లేదుగా, కాసేపు పడుకోండి," అంది భార్య జయకుమారి కాఫీ అందిస్తూ.

"పడుకుంటే ఎలా? పేటకి పోయి మెకానిక్ ఇమాం హుస్సేన్‌కి బండి చూపించాలి. నిన్న మళ్లీ పక్కకి లాగింది కదా. గట్టి స్ప్రింగులు వేయించేస్తా. బండి కాస్త కిందికి దిగి రోడ్డుని పట్టుకుంటుంది."

నిన్నటి సంగతి తలుచుకుంటే జయకుమారికి ఇంకా ఒళ్లు జలదరిస్తోంది. బోయపాలెం దాటాక కారు ఉన్నట్టుండి డివైడర్ వైపు ఒరిగింది. వెనక మిరపకాయల టిక్కీ బస్తాలతో వస్తున్న లారీ ఊరు దద్దరిల్లేలా హారన్ కొట్టింది. ఇమ్మానియేలు స్టీరింగ్ తిప్పేసి, "ఈ సస్పెన్షన్ పాడుగాను," అని బండిని తిట్టుకున్నాడు.

అత్తగారు ఎలీసమ్మకి కిడ్నీలు పాడై ఎనిమిది నెలలయింది. వారానికి మూడుసార్లు గుంటూరు బ్రాడీపేటలో డయాలసిస్. పగలు తల్లిని తీసుకెళ్లడానికి వీలుగా ఇమ్మానియేలు రాత్రి షిఫ్ట్ వేయించుకున్నాడు. దారంతా ఎలీసమ్మ నోరు మూయదు. "ఒరేయ్, ఆ పత్తి చేను ఎవరిదిరా? మొన్న పాస్టరుగారు ఏం వాక్యం చెప్పారురా?" అని కొడుకుని వేపుకు తింటుంది. "ఆయన్ని ప్రశాంతంగా నడపనివ్వండి అత్తయ్యా," అని జయకుమారి ఎన్నిసార్లు విసుక్కుందో లెక్క లేదు.

కూతురు జాస్మిన్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "డాడీ, గట్టి స్ప్రింగులేస్తే ప్రతి గుంతా నాయనమ్మ నడుముకి తగులుతుంది. బండి కిందికి దిగితే మన వీధిలో స్పీడ్ బ్రేకర్ కూడా దాటదు."

"నీ డీఎస్సీ పుస్తకాలు నువ్వు చదువుకో. బండి సంగతి నాకు వదిలెయ్."

అయినా జాస్మిన్ ఊరుకోలేదు. ముగ్గురూ కలిసే చిలకలూరిపేట వెళ్లారు. ఇమాం హుస్సేన్ కారుని జాకీ మీద లేపి, కింద దూరి చూసి, ఆ తర్వాత తనే ఓ చుట్టు నడిపి వచ్చాడు.

"సార్, షాక్ అబ్జార్బర్లు అరిగిపోయాయి. మలుపులో బండి ఊగుతోంది, నిజమే. గట్టి స్ప్రింగులు వేస్తే ఊగడం తగ్గుతుంది గానీ కుదుపు పెరుగుతుంది. వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

"మా అమ్మ. డయాలసిస్ పేషెంట్."

"అయితే ఆ స్ప్రింగుల మాట మర్చిపోండి. ఉన్న స్ప్రింగులే ఉంచి, మంచి షాకులు, కొత్త రబ్బరు బుష్‌లు వేద్దాం. ముందు పక్క కాస్త లావుపాటి స్టెబిలైజర్ రాడ్ పెడితే మలుపులో బండి ఒరగదు, అమ్మగారికి కుదుపూ తగలదు." అతను పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "ఒక మాట సార్. నిన్న లాగింది ఎక్కడన్నారు?"

"బోయపాలెం దాటాక."

"అక్కడ రోడ్డు తిన్నగా ఉంటుంది. తిన్నని రోడ్డు మీద ఈ బండి పక్కకి పోవట్లేదు సార్. స్టీరింగ్ వదిలేసి కూడా చూశాను."

ఇమ్మానియేలు మొహం మాడిపోయింది. "రేపు చెబుతాలే," అని కారెక్కేశాడు.

ఇంటికొచ్చాక అన్నం దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. "వాడికేం తెలీదు. గుంటూరులో ఇంకో మెకానిక్ ఉన్నాడు. గట్టి స్ప్రింగులే వేయిస్తా."

మంచం మీద గోడకి ఆనుకున్న ఎలీసమ్మ నెమ్మదిగా అంది. "బండికేం కాలేదురా అయ్యా. నువ్వు నిద్రపోతున్నావు."

జయకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది.

"అద్దంలో నీ కళ్లే కనపడతాయి నాకు. రెప్ప వాలినప్పుడల్లా ఏదో ఒకటి అడుగుతా. నిన్న నాకే కన్ను మూతపడింది. అందుకే అట్లా అయింది. నేనింక ఆస్పత్రికి రాను. నా ఒక్క ప్రాణం కోసం మీ అందరినీ లారీ కింద పెట్టలేను."

"రాకపోతే ఏం చేస్తావ్? చస్తావా?" ఇమ్మానియేలు కంచం తోసేసి లేచాడు. అన్నాక ఆ మాట తనకే గుచ్చుకుంది. మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నిజమేనమ్మా. మిల్లులో ఆ మోత చెవుల్లోంచి పోదు. పగలు పడుకున్నా నిద్ర పట్టదు. నాకు చేతకావట్లేదని ఒప్పుకుంటే నిన్నెవరు తీసుకెళ్తారు? బస్సులో కుక్కి పంపాలా?" అంటూ తల్లి మోకాలి మీద తల ఆనించాడు. యాభై రెండేళ్ల మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

జాస్మిన్ వచ్చి పక్కన కూర్చుంది. "లైసెన్సు వచ్చి ఏడాదయింది డాడీ. చర్చికీ పేటకీ తప్ప ఎక్కడికీ నడపనివ్వరు. నేను తీసుకెళ్తా."

"అది లారీల రోడ్డు తల్లీ."

"మీరు పక్కనే కూర్చోండి. తప్పు చేస్తే చెప్పండి."

మర్నాడు పొద్దున్నే ఇమాం హుస్సేన్ తను చెప్పినట్టే షాకులు, బుష్‌లు, రాడ్ వేసి ఇచ్చాడు. మధ్యాహ్నం డయాలసిస్‌కి జాస్మిన్ స్టీరింగ్ పట్టుకుంది. ఇమ్మానియేలు ముందు సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు.

"నిదానం. ఆ ట్రాక్టరుకి దారివ్వు. అద్దం చూసుకో..." యడ్లపాడు దగ్గర పడేసరికి మాటల మధ్య ఎడం పెరిగింది. ఆ తర్వాత అసలు మాటే లేదు.

జయకుమారి ముందుకి వంగి చూసింది. భర్త తల ఓ పక్కకి వాలిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. గడ్డంలో తెల్ల వెంట్రుకలు ఎప్పుడొచ్చాయో ఆమెకి తెలీదు. ఇన్నాళ్లూ అత్తగారికి మందులు వేశారా, కూతురు భోంచేసిందా అని అడిగింది గానీ, మీరు నిద్రపోయారా అని ఈ మనిషిని ఒక్కనాడూ నిలబెట్టి అడగలేదు. కళ్లు తుడుచుకుని, చెయ్యి చాచి, జారిపోతున్న అతని కళ్లజోడు మెల్లగా తీసింది.

బ్రాడీపేటలో కారు ఆగింది. జాస్మిన్ నాయనమ్మని చెయ్యి పట్టుకుని దించి, తండ్రిని లేపబోయింది.

"వద్దు," అంది జయకుమారి. "మీరిద్దరూ లోపలికి వెళ్లండి. నేనిక్కడ ఉంటాను."

పక్కన ఆటోలు హారన్లు కొడుతూనే ఉన్నాయి. ఇమ్మానియేలు కదలలేదు. ఎండ అతని మొహం మీద పడకుండా ఆమె చున్నీని అద్దానికి అడ్డం కట్టి, పక్కనే కూర్చుంది.